డ్రైవరు సీటు కొలత

నవంబరు 30, సోమవారం

నిన్న తమ్ముడింట్లో అమ్మ నా చేతిలో ఒక చీటీ పెట్టింది. విప్పితే "పెద్దది" అని ఉంది, అంటే అక్క.

తమ్ముడి ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలైంది. అందుకని ఈసారి డిసెంబరు చివరి సెలవుల భోజనానికి ఎవరూ ఏమీ కొని తేకూడదని అమ్మ తీర్మానించింది. చీటీలు తియ్యాలి. ఎవరికి ఎవరు వస్తే వాళ్ళకి చేత్తో ఒక వస్తువు చేసివ్వాలి, అదీ ఇంట్లో పడున్న వాటితోనే. మొత్తం ఐదుగురం: అమ్మ, అక్క, నేను, తమ్ముడు, మరదలు. మరదలు చీటీల గిన్నె పట్టుకుని తిరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి అమ్మ తన స్వెట్టరు జేబులోంచి ఒక చీటీ తీసి, "నీది నేనే తీసి పెట్టాన్లే," అంది.

"గిన్నెలోంచి నేనే తీసుకుంటానమ్మా."

"ఎవరు తీస్తే ఏంటి, చీటీ చీటీయే."

తమ్ముడు కిటికీలోంచి రోడ్డు వంక చూశాడు. మరదలు గిన్నెతో సహా వంటగదిలోకి మాయమైంది. పట్టపగలు అంత పచ్చి మోసం చేసి, అమ్మ ఏమీ ఎరగనట్టు బఠానీలు ఒలుచుకుంటూ కూర్చుంది.

అక్కకీ నాకూ మాటల్లేక వచ్చే మార్చికి నాలుగేళ్ళు. నాన్న పోయిన రోజు అక్క నాకు ఫోన్ చెయ్యలేదు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అందరికీ తెలిసిన సంగతే. రాయక్కర్లేదు.

మూడేళ్ళుగా సెలవుల భోజనం రోజున అక్క కావాలని డ్యూటీ వేయించుకుంటోంది. ఈసారి వస్తోందట.

డిసెంబరు 2, బుధవారం

చెయ్యకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఒక మనిషికి ఒక కానుక తగ్గుతుంది.

డిసెంబరు 5, శనివారం

హోటల్ నిండిపోయింది. సెలవులకి వచ్చిన వాళ్ళు దుప్పట్లతో ఏం చేస్తారో తెలీదు. ఇవాళ పదిహేడు చిరిగినవి వచ్చాయి, ఒకదాని మీద చెప్పు ముద్ర. మా కుట్టు గది హోటల్ అడుగున, లాండ్రీ పక్కన. రెండు మిషన్లు, ఒక పొడుగు బల్ల, గోడ వారన ఆవిరి ప్రెస్. కిటికీ పైకప్పుకి దగ్గరగా ఉంటుంది, అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్ళుగా నేను ఈ ఊరివాళ్ళని మోకాళ్ళ దాకానే చూస్తున్నాను.

రఫూకి లొంగని దుప్పట్ల మీద ఎర్ర దారంతో ఒక అడ్డగీత కుడతాం. అంటే ఇక చెత్తకి. అలాంటివి నాలుగు ఇంటికి తీసుకెళ్తానని సూపర్వైజరమ్మని అడిగి, గేటు దగ్గర చూపించడానికి చీటీ రాయించుకున్నాను. ఈ నెలంతా చీటీలే.

ప్రెస్ దగ్గరుండే పెద్దాయన, "ఎందుకమ్మాయ్, ఇంట్లో దుప్పట్లు కరువా?" అన్నాడు.

"మా అక్కకి ఏదో ఒకటి కుట్టాలి."

"ఏ అక్క? మీ నాన్నగారు పోయిన రోజు ఒకటే ఫోన్లు చేసింది, ఆవిడేనా?"

"ఆ రోజు నాకెవరూ ఫోన్ చెయ్యలేదు."

"అదేంటి, బల్ల మీద నీ ఫోను గిరగిరా తిరుగుతుంటే నేనే పిలిచాను కదా. మిషను చప్పుడులో వినపడలేదేమో అనుకున్నా."

"అది ఇంకేదో రోజు."

ఆయన ప్రెస్ మూత దించాడు. ఆవిరి బుస్సుమంది. 

ఆయనకి డెబ్భై దగ్గర పడుతున్నాయి. రోజులు కలిపేసుకుంటాడు.

డిసెంబరు 6, ఆదివారం

అక్కకి ఏం కావాలో నాకు తెలీదని ఇవాళ తెలిసింది. నాలుగేళ్ళ కిందటైతే చెప్పి ఉండేదాన్ని. తమ్ముణ్ణి అడిగాను. వాడు సామాన్ల గదిలో ఏవో చెక్కముక్కలు కోస్తున్నాడు, నన్ను చూసి వాటి మీద గోనె కప్పేశాడు. నా పేరు వాడికే వచ్చిందన్నమాట.

"పెద్దక్కకా? నడుం తప్ప అన్నీ ఉన్నాయి," అన్నాడు.

అక్క పధ్నాలుగో నంబరు బస్సు నడుపుతుంది. ఇదివరకు డిపో ఆఫీసులో కూర్చునేది. నాన్న పోయాక ఆ కుర్చీ వదిలేసి బండి ఎక్కింది. ఎందుకని ఎవరూ అడగలేదు, నేను అడిగే ప్రసక్తే లేదు. ఇప్పుడా సీటు గుంటపడిపోయి, షిఫ్టు దిగాక నిటారుగా నిలబడటానికి కాసేపు పడుతోందట. సీటు మార్చమని రెండుసార్లు రాసిచ్చిందట. వాళ్ళు కాగితం మార్చారట, సీటు మార్చలేదు.

అమ్మ నన్ను తలుపు దాకా సాగనంపుతూ భుజం మీద చెయ్యి వేసింది. "తప్పు దానిది. అయినా నువ్వే మనసు పెద్దది చేసుకున్నావు. మీ నాన్న ఉంటే సంతోషించేవాడు."

నేను చెప్పులు వేసుకున్నాను.

డిసెంబరు 9, బుధవారం

ఇవాళ నాకు సెలవు. పధ్నాలుగు ఎక్కాను.

సీటు కొలత లేకుండా దిండు కుట్టడం, కాలు చూడకుండా చెప్పు కుట్టడం ఒకటే. అందుకని వెళ్ళాను, ఇంకే కారణం లేదు. తలకి స్కార్ఫు చుట్టుకుని వెనక తలుపులోంచి ఎక్కాను, మిషన్లో టికెట్టు కొట్టుకుని చివరి వరసలో కూర్చున్నాను. అక్క మెడ కనిపించింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, తెల్లబడింది. బాగా నడుపుతుంది. ఒక ముసలాయన కర్రతో నిదానంగా దిగుతుంటే వెనక కార్లన్నీ హారన్లు కొట్టినా బండి కదపలేదు. ఆయన ఫుట్‌పాత్ ఎక్కాక అద్దంలో చూసుకుని అప్పుడు కదిలింది.

చివరి స్టాపులో అందరూ దిగారు. అక్క కూడా దిగింది. దిగిందంటే, ముందు తలుపు కడ్డీ పట్టుకుని కాళ్ళు కింద పెట్టి, అలాగే వంగి నిలబడింది. నేను మనసులో లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చాక నడుం లేచింది. టైము వేయించుకోవడానికి కాగితం తీసుకుని టైము కీపరు గదిలోకి వెళ్ళింది.

నేను ముందుకి పరిగెత్తాను. డ్రైవరు పక్కనుండే సగం తలుపు తీసి, టేపు తీశాను. వెడల్పు ఒక మూర మీద రెండు వేళ్ళు. లోతు ఇంచుమించు అంతే. కుడివైపు అంచు పూర్తిగా కుంగిపోయింది, అక్కడ అట్టముక్కలు మడిచి దూర్చుకుంది. వాటిని పైకెత్తి కింద గుంట ఎంతుందో కొలుస్తున్నాను.

"టికెట్టు తీసుకున్నారా?"

అక్క మెట్టు మీద నిలబడి ఉంది.

"తీసుకున్నాను," అన్నాను.

"అయితే వెనక్కెళ్ళి కూర్చోండి. ముందు నిలబడకూడదు."

వెళ్ళి కూర్చున్నాను. అక్క సీట్లో కూర్చుంది, అట్టలు సర్దుకుంది, అద్దం సరిచేసుకుంది. తిరుగు ప్రయాణంలో పదకొండు స్టాపులు. నా స్టాపులో దిగాను. స్కార్ఫు దండగ.

దాదాపు నాలుగేళ్ళ తర్వాత మా అక్క నాతో మాట్లాడిన మాటలు అవి. "మీరు" అంది.

డిసెంబరు 10, గురువారం

టేపు బస్సులోనే వదిలేశాను. కొలతలు గుర్తున్నాయి.

డిసెంబరు 13, ఆదివారం

దుప్పట్లు ముక్కలు చేసి కూరి దిండు కుట్టాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. నిన్న మిషను దగ్గర దాని మీదే కూర్చుని పనిచేశాను. సాయంత్రానికి అప్పడమైంది. పైపెచ్చు లోపల గుడ్డలు ఒకచోట ఉండ కట్టి, సరిగ్గా నడుం కింద పొడుచుకున్నాయి. దీన్ని ఇస్తే కానుక అనరు, కక్ష తీర్చుకుంది అంటారు.

విప్పేశాను.

డిసెంబరు 16, బుధవారం

ప్రెస్ బల్ల మీద వేసే ఫెల్టు ఏడాదికొకసారి మారుస్తారు. వేలి మందం ఉండే ఒత్తిన ఉన్ని అది. ఆవిరికి ఉడికి, బరువుకి నలిగి, ఇక కుంగేది లేదన్నట్టు గట్టిపడుతుంది. నిన్న కొత్తది వేశారు. పాతదాన్ని పెద్దాయన చుట్టచుట్టి నా కుర్చీ పక్కన పెట్టాడు.

"గుడ్డలు పనికిరావమ్మాయ్. మనిషి బరువు మొయ్యాలంటే ముందు ఏదో ఒక బరువు మోసి ఉండాలి," అన్నాడు. ఫెల్టు గురించే అన్నాడు.

నాలుగు పొరలు కోశాను. వెనక ఎత్తు, ముందు పల్లం. కుడివైపు గుంట పూడేలా అడుగున ఇంకో అరపొర. అంచులకి అంగుళానికొక కుట్టు చొప్పున చేత్తో వేశాను, మిషను సూది అందులో దిగదు. చూపుడువేలికి రెండుచోట్ల సూది గుచ్చుకుంది. పైన తొడుగుకి ఐదో అంతస్తు గదుల పాత కర్టెను, ముదురు నీలం. ఇది కూడా చెత్తకి రాసిందే, ఇంకో చీటీ. జిప్పు లాండ్రీ సంచిది.

పని బాగా వచ్చింది. అదే చెబుతున్నాను, పని వరకే.

డిసెంబరు 18, శుక్రవారం

మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీరు పెద్ద వదిన కోసం వేళ్ళు పొడుచుకుని మరీ కుడుతున్నారని అత్తయ్య పక్కింటావిడకి కూడా చెప్పింది. నేనైతే క్షమించలేకపోయేదాన్ని, ఒట్టు. కన్నతండ్రి చివరి చూపు కదా."

"ఊఁ," అన్నాను.

"అంత మంచితనం ఎలా వస్తుందండీ?"

కుక్కర్ విజిల్ వేస్తోందని చెప్పి పెట్టేశాను. కుక్కర్ పెట్టలేదు.

డిసెంబరు 19, శనివారం

ఆ రోజు అక్క నాకు ఫోన్ చెయ్యలేదు.

డిసెంబరు 22, మంగళవారం

చేసింది.

మూడుసార్లు చేసింది. రెండూ పదికి, రెండూ పాతిక్కి, రెండూ నలభైకి. విందు భోజనాల హాలుకి బల్లగుడ్డలు అంచు కుడుతున్నాను, ముప్పై ఉన్నాయి. ఫోను బల్ల మీద ఉంది. "అక్క" అని వెలిగింది. చూశాను. అంతకు ముందు రోజు ఆసుపత్రి వరండాలో పోట్లాడుకున్నాం. నాన్న దగ్గర ఎవరెన్ని గంటలు కూర్చున్నారన్నదే గొడవ. "నీకు నీ కుట్లే ముఖ్యం," అంది అక్క. "అవును, నువ్వొక్కదానివే కూతురివి," అన్నాను నేను. మర్నాడు ఫోను మోగితే మళ్ళీ దెప్పడానికే అనుకున్నాను. లేదా ఇంకో వంతు కూర్చోడానికి రమ్మని పిలుస్తోందనుకున్నాను. ఆ రోజు నా వంతు కాదు. ఫోను బోర్లా తిప్పాను. అప్పుడే పెద్దాయన పిలిచాడు. వినపడింది.

మూడోసారి కూడా అలా అనుకున్నానా? మూడోసారి, ఏదో అయి ఉంటుందని అనిపించింది. అనిపించాకే ఇంకో గుడ్డ తీసుకుని సూది కిందికి తోశాను. ఎందుకో చెప్పలేను. అంచు పూర్తయ్యేదాకా ఏమీ జరగదన్నట్టు కుట్టాను.

నాలుగింటికి తమ్ముడు హోటల్ ఫోనుకి చేశాడు. బస్సులో కూర్చుని ఆ మూడు కాల్స్ తుడిచేశాను. వరండాలో అందరూ ఉన్నారు. నోట్లోంచి వచ్చేసింది: "నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

అక్క చేతిలో ఫోను ఉంది. తెరిచి చూపిస్తుందనుకున్నాను. నా వైపు చూసింది, అంతే. అమ్మ అక్క మీద విరుచుకుపడింది. ఆ తర్వాత తమ్ముడు. అక్క పల్లెత్తు మాట అనలేదు.

ఇది రాయడానికి ఈ పుస్తకం మొదలుపెట్టలేదు.

డిసెంబరు 24, గురువారం

దిండు అయిపోయింది. సంచిలో పెట్టాను. తలుపు పక్కనే ఉంది.

డిసెంబరు 28, సోమవారం

నిన్నటి సంగతి రాయాలి. మధ్యాహ్నం విరామంలో కుట్టు గదిలో కూర్చుని రాస్తున్నాను. పెద్దాయన భోజనానికి వెళ్ళాడు.

నేను వెళ్ళేసరికి అక్క అప్పటికే వచ్చి ఉంది. బాత్రూంలో గోడకి ఏదో బిగిస్తోంది, డ్రిల్లింగ్ చప్పుడు. అక్కకి వచ్చింది అమ్మ పేరు. పాత బస్సులు ముక్కలు చేసే చోట పడేసిన పసుపు రంగు కడ్డీ అడిగి తెచ్చి, అమ్మ జారిపడకుండా పట్టుకోవడానికి స్నానం దగ్గర బిగించింది. అమ్మ పట్టుకుని ఊగి చూసింది. "ఇక రోజూ స్నానానికి కూడా టికెట్టు కొడతావేంటే?" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేను హాల్లోంచి విన్నాను.

తర్వాత ఒక్కొక్కరం ఇచ్చుకున్నాం. తమ్ముడు నాకు కాలిపీట చేశాడు, మిషను తొక్కేటప్పుడు రెండో కాలు పెట్టుకోవడానికి. మూడు కాళ్ళు నేలకి ఆనుతాయి, నాలుగోది ఆలోచిస్తుంది. మరదలు వాడికి అందరి ముందూ జుట్టు కత్తిరించింది, అదే కానుకట. ఉద్యోగం వెతుక్కునేవాడు మనిషిలా కనపడాలి కదా అంది. అమ్మ మరదలికి ఒక కాగితం ఇచ్చింది. మరదలు పైకి చదివింది: "ఏడాది పాటు ఆదివారాలు నేను వంటగదిలో అడుగుపెట్టను. ఉప్పు గురించి మాట్లాడను." కింద సంతకం కూడా ఉంది. మరదలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. దాన్ని మడిచి జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంది. అన్నిటికన్నా విలువైనది అదేననుకుంటా.

నేను సంచి అక్క ముందు పెట్టాను. తీసింది. నీలం దిండు చేతుల్లో తిప్పి, అడుగున అరపొర ఉన్న చోట బొటనవేలితో నొక్కి చూసింది. కుర్చీ మీద వేసి కూర్చుంది.  తర్వాత తన సంచిలోంచి నా టేపు తీసి బల్ల మీద నా కంచం పక్కన పెట్టింది. 

భోజనాలు మొదలయ్యాయి. అమ్మ గొంతు సవరించుకుంది. ఎప్పటినుంచో దాచుకున్నట్టుంది.

"చూశావా పెద్దదానా. ఆ రోజు నువ్వు దీనికి ఒక్క ఫోను చెయ్యలేదు. కన్నతండ్రిని చివరిసారి చూసుకోనివ్వలేదు. అయినా నీ నడుం నొప్పని తెలిసి వేళ్ళు పొడుచుకుని కుట్టింది. మనసంటే అలా ఉండాలి. ఇప్పుడైనా ఒక్క మాట అను దానితో."

అక్క రొట్టె తుంచుకుంటూనే ఉంది.

"ఫోన్ చేసిందమ్మా," అన్నాను.

"ఎవరు?"

"అక్క. ఆ రోజు మూడుసార్లు చేసింది. చూసి కూడా నేనే తియ్యలేదు."

తమ్ముడి చేతిలో గరిటె గిన్నె మీద ఆగిపోయింది. అక్క తలెత్తకుండానే, "ఇప్పుడెందుకే అవన్నీ," అంది.

"మరి వరండాలో అడిగావు?" అన్నాడు తమ్ముడు. "నేనే పక్కనున్నాను. నాకెందుకు చెయ్యలేదని అడిగావు."

"అడిగాను."

"పెద్దక్కని నేనెన్ని మాటలన్నానో తెలుసా నీకు?"

"తెలుసు. అక్కడే ఉన్నాను."

అమ్మ నన్ను చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కంచం ముందుకి తోసి, బల్ల పట్టుకుని లేచి, అక్క వెనక్కి వెళ్ళి నిలబడింది. అక్క తల మీద చెయ్యి పెట్టింది. అలాగే చాలాసేపు. తర్వాత తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నా వైపు మళ్ళీ చూడలేదు.

గిన్నెలు కడగడానికి అక్కా నేనూ మిగిలాం. ఎవరూ పురమాయించలేదు. అక్క తోముతోంది, నేను తుడుస్తున్నాను.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "ఫోను నీ చేతిలోనే ఉంది."

"ఆ వేళ చూపిస్తే నిన్ను చీల్చేసేవాళ్ళు. ముందు అందుకే ఊరుకున్నా. తర్వాత కోపం వచ్చింది. నువ్వే చెప్తావని ఒక ఏడాది చూశాను. ఆ తర్వాత చూడ్డం మానేశాను." గిన్నె కడిగి నాకిచ్చింది. "మంచితనం అనుకోకు. నాకూ ఒక లెక్క ఉంది."

"ఏం లెక్క?"

కుళాయి కట్టేసింది. వంటగది తలుపు దగ్గరికి వెళ్ళి హాల్లోకి చూసి వచ్చింది.

"వార్డులో సిగ్నల్ ఉండేది కాదు, గుర్తుందా? ఫోన్ చెయ్యాలంటే కింద ఆవరణలోకి రావాలి. మూడుసార్లూ దిగాను. మూడోసారి నువ్వు తీస్తావేమోనని మోగినంతసేపూ నిలబడ్డాను. పైకి వెళ్ళేసరికి మంచం చుట్టూ కర్టెను లాగేసి ఉంది."

నా చేతిలో గుడ్డ ఉంది. తుడిచిన గిన్నెనే తుడుస్తున్నాను.

"నేనూ పక్కన లేనే," అంది అక్క. "ఎవరం లేం. వచ్చి అమ్మ అడిగింది, చివర్లో ఎలా ఉన్నాడు అని. నా చెయ్యి పట్టుకునే పోయాడమ్మా, ఏ బాధా లేదు అని చెప్పాను. ఇక ఫోన్ల సంగతి ఎత్తితే టైములు వస్తాయి. ఏ టైముకి ఎక్కడున్నావని వస్తుంది. అందుకని అది కూడా మూసి పెట్టాను."

"డిపోలో కుర్చీ ఎందుకు వదిలేశావు?"

"అక్కడ రోజంతా ఫోన్లు ఎత్తాలి," అంది.

కుళాయి మళ్ళీ తిప్పింది. మిగిలిన పళ్ళాలు కడిగింది, నేను తుడిచి పెట్టాను. వెళ్ళేటప్పుడు దిండు చంకలో పెట్టుకుంది. మెట్ల దగ్గర ఆగి, "కుడివైపు కొంచెం ఎత్తైందే," అంది. "పర్లేదు, అణుగుతుంది."

అణగదు. ఆ ఫెల్టు అణిగేది కాదు. వచ్చే బుధవారం డిపోకి వెళ్ళి విప్పి సరిచెయ్యాలి.

డిసెంబరు 30, బుధవారం

సరిచేశాను. డిపో విశ్రాంతి గదిలో, అక్క టీ తాగుతుండగా. తోటి డ్రైవరు ఒకామె ఎవరని అడిగితే, "మా చెల్లెలు, కుట్టుపని," అని చెప్పింది.

అమ్మ నా ఫోను తియ్యడం లేదు. రోజూ మూడుసార్లు చేస్తున్నాను.

జనవరి 3, ఆదివారం

వెళ్ళాను. తలుపు మరదలు తీసింది. ఇవాళ "మంచితనం" మాట ఎత్తలేదు, టీ ఇచ్చింది. తమ్ముడు రేపు ఎక్కడో ఉద్యోగం గురించి మాట్లాడటానికి వెళ్ళాలట, చొక్కా కాలరు తిప్పి కుట్టమని తెచ్చి పెట్టాడు. నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అది చాలు.

అక్క కూడా ఉంది, బాల్కనీలో తడి బట్టలు ఆరేస్తోంది. తలుపు తీసే ఉంది.

అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆదివారం కదా, వంటగదిలోకి వెళ్ళడానికి లేదు, చేతులు ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని కాలరు విప్పడం మొదలుపెట్టాను. సగం దాకా విప్పాను.

తర్వాత, కిటికీ వంకే చూస్తూ అంది: "నువ్వు చేసింది నాకు మింగుడు పడ్డం లేదు. ఎప్పటికి పడుతుందో చెప్పలేను."

"సరే అమ్మా."

"దాన్ని ఉసురు పెట్టాను ఇన్నాళ్ళూ."

నేను ఇంకో కుట్టు విప్పాను.

"ఒక్కటే నాకు ఊరట. నువ్వు రాకపోతే రాకపోయావు. ఆయన ఒంటరిగా పోలేదు. పెద్దదాని చెయ్యి పట్టుకునే పోయాడు." ఇప్పుడు నా వైపు తిరిగింది. నా ముఖంలోకి చూసింది. "నీతో కూడా చెప్పే ఉంటుంది కదా అది, ఎలా పోయాడో?"

బాల్కనీలో అక్క తడి దుప్పటి అంచు పట్టుకుని నిలబడిపోయింది. దులపడం ఆపేసింది.

"చెప్పిందమ్మా," అన్నాను. "గట్టిగా పట్టుకున్నాడట. తర్వాత నిద్రపోయినట్టే ఉన్నాడట."

అమ్మ తల ఊపింది. బాల్కనీలో దుప్పటి దులిపిన చప్పుడు వినిపించింది. నేను కాలరు తిప్పి, సూదిలో దారం ఎక్కించాను.